ఇటాలియన్ క్రైమ్ చిత్రాల హోమ్ వీడియో సేకరణ

1970లలో ఇటలీలో వెల్లువలా వచ్చిన పోలీసు, ముఠా చిత్రాలను క్యాసెట్లుగా, డిస్కులుగా కూడబెట్టే అభిరుచి. ఈ చిత్రాలను పొలిజియోత్తెస్కి అంటారు. 1969 డిసెంబరులో మిలాన్‌లోని పియాజ్జా ఫొంతానాలో బాంబు పేలాక దేశాన్ని కమ్ముకున్న హింస, కిడ్నాపులు, బ్యాంకు దోపిడీలే వీటికి ముడిసరుకు. ఫెర్నాందో ది లేయో, ఉంబెర్తో లెంజీ ఈ కోవలో పేరున్న దర్శకులు.

సేకర్తలకు మొదటి చిక్కు పేర్లతోనే. ది లేయో తీసిన ‘లా మాలా ఓర్దినా’ (1972) ఇంగ్లీషులో ‘మాన్‌హంట్’ అనీ ‘ది ఇటాలియన్ కనెక్షన్’ అనీ దొరుకుతుంది. చూసుకోకపోతే ఒకే సినిమా రెండుసార్లు కొంటారు. నిడివీ బోల్తా కొట్టిస్తుంది. సెకనుకు 24 ఫ్రేముల సినిమా యూరప్ టీవీ పద్ధతి అయిన పాల్ డీవీడీలో 25 చొప్పున నడుస్తుంది కాబట్టి, 100 నిమిషాలది 96కే అయిపోతుంది. అది సెన్సారు కోత కాదు.

అసలైన నష్టం వీహెచ్ఎస్ క్యాసెట్లలో జరిగింది. వెడల్పు బొమ్మను టీవీకి సరిపెట్టడానికి అంచులు కోసేసేవారు. ‘మిలానో కాలిబ్రో 9’ (1972) మొదట్లో మిలాన్‌లోని దుఓమో చౌకు నుంచి ఒక పొట్లం చేతులు మారుతూ సాగిపోతుంది. ఆ ఘట్టాన్ని పూర్తి ఫ్రేములోనే చూడాలి.

ఈ చిత్రాలకు మాటలు ఎక్కువగా షూటింగ్ తర్వాత డబ్బింగ్‌లో చేర్చినవే. నటులు వేర్వేరు భాషల్లో మాట్లాడేవారు. అందువల్ల ఇటాలియన్, ఇంగ్లీషు ట్రాకులు రెండూ ఉన్న డిస్కే కొనదగ్గది.

రారో వీడియో, యారో, సెవెరిన్ సంస్థలు మంచి ప్రతులు తెచ్చాయి. యారో 2021లో ‘ఇయర్స్ ఆఫ్ లెడ్’ పెట్టెలో ఐదు చిత్రాలు అందించింది. బ్లూ-రే ప్రాంతాల విభజనలో అమెరికా రీజియన్ ఎ, యూరప్ బి, భారత్ సి. రీజియన్ లాక్ ఉన్న విదేశీ డిస్కులకు ఆ రీజియన్‌ను గానీ అన్ని రీజియన్లనూ గానీ ఆడించే ప్లేయర్ తప్పనిసరి.