గొంతు వెంట నడిచిన బొమ్మ

యానిమేషన్ బొమ్మ కదలాలంటే లోపల ఒక చట్రం ఉండాలి. ఏ కీలు ఎంత వంగాలి, ఏది కదిలితే దాని వెంట ఏది కదలాలి అన్నది నిర్ణయించేది ఆ చట్రమే. దాన్నే రిగ్ అంటారు. మైకులో పడిన గొంతును బట్టి దానంతటదే నోరాడించే రిగ్‌లు కూడా ఇప్పుడు వచ్చాయి. మాటకు బొమ్మ బదులివ్వడం కంప్యూటర్ తెచ్చిన కొత్త సంగతి అనుకోవడం తేలిక. కానీ కరీంనగర్ నుంచి సుల్తానాబాద్, పెద్దపల్లి మీదుగా రామగుండం పోయే రోడ్డుకు అటూ ఇటూ ఉన్న సీమలో కథ చెప్పిన తీరు చూస్తే ఆ మాట నిలవదు. ఇక్కడ ఎప్పుడూ గొంతే ముందు, బొమ్మ దాని వెనక.

పటం కథనే తీసుకుందాం. పద్మశాలీలకు కూనపులివాళ్ళు మార్కండేయ పురాణం చెబుతారు, ముదిరాజులకు కాకిపడగలవాళ్ళు పాండవుల కథ చెబుతారు. చేర్యాల నకాశీ చిత్రకారులు బట్టకు గంజి, సుద్ద, చింతగింజల అంబలి పట్టించి, ఎర్రటి నేల మీద గీసిన పటాలివి. కొన్ని ముప్పై అడుగులు దాటుతాయి. పటంలోని మనిషి కదలడు, అతని ముఖం మారదు. కథకుడి గొంతు యుద్ధంలోకి దిగితే మాత్రం అదే ముఖంలో కోపం కనబడుతుంది, శోకంలోకి జారితే అదే కళ్ళలో నీరు కనబడుతుంది. చూసేవాడి మనసులో బొమ్మను కదిలిస్తున్నది శబ్దమే.

అయితే ఏ శబ్దం? నేటి రిగ్‌లలో మామూలు పొరపాటు ఇక్కడే జరుగుతుంది. గొంతు పెరిగితే కదలిక పెంచడం, తగ్గితే తగ్గించడం తేలిక గనుక అదే చేస్తారు. వేములవాడ దగ్గరి హనుమాజీపేట కళాకారుడు మిద్దె రాములు పేరు తెచ్చిన, డోళ్ళ మోతతో చెప్పే ఒగ్గుకథ అందుకు భిన్నమైన పాఠం చెబుతుంది. ఒగ్గుకథలో భావం డోలు ఎంత గట్టిగా మోగిందన్న దాని మీద నిలబడదు. నడక ఎక్కడ మారింది, డోళ్ళు ఎక్కడ ఆగాయి, వంతపాట ఎంత ఆలస్యంగా అందుకుంది అన్నవే దాన్ని మోస్తాయి. డోళ్ళు ఒక్కసారిగా ఆగిన క్షణం మోతకన్నా బరువైనది. మోత ఒక్కటే కొలిచే రిగ్‌కు ఆ క్షణంలో ఏమీ వినబడదు.

పటమూ ఒగ్గూ కదిలే బొమ్మలు కావు కదా, వీటికి రిగ్‌తో పోలికేమిటని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కదిలే బొమ్మ కూడా తెలంగాణకు కొత్త కాదు. పాలకుర్తి గడ్డవాడైన పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దంలో పండితారాధ్య చరిత్రలో శ్రీశైలం ఉత్సవాలను వర్ణిస్తూ తెర మరుగున ఆడే బొమ్మలను ప్రస్తావించాడు. ఆంధ్ర వైపు బతికిన తోలుబొమ్మలాటలో భుజం, మోచేయి, నడుము, మోకాలు విడివిడిగా కత్తిరించి దారంతో ముడివేస్తారు. నడుమ ఒక పుల్ల, చేతులకు వేరే పుల్లలు. పాడేవాడే ఆడిస్తాడు, యుద్ధం వస్తే కాలికింది చెక్కను తొక్కి మోగిస్తాడు. పాటా అడుగూ చేతివేళ్ళూ ఒకే ఒంట్లో ఉండటం వల్ల గొంతులోని మలుపు ఆలస్యం లేకుండా కీలుకు చేరుతుంది. ముఖ్య పాత్రకు వేర్వేరు స్థితుల్లో వేర్వేరు బొమ్మలు వాడటం కూడా ఉంది. ముఖం మారని తోలుకు వాళ్ళు కనిపెట్టిన జవాబది.

ఇదంతా మనిషి చేతి పని, యంత్రం తనంత తాను వినడం వేరు అనేవాళ్ళున్నారు. నిజమే, వేళ్ళకున్న తెలివి యంత్రానికి లేదు. హైదరాబాద్ స్టూడియోలు ఈ కళాకారుల దగ్గర నేర్చుకున్నాయనీ నేననను. రెండు చోట్లా చిక్కు ఒక్కటేనంటున్నాను. 2012లో వచ్చిన రాజమౌళి సినిమా ‘ఈగ’లో మకుట సంస్థ వాళ్ళు కదిలించిన ఈగకు మాట లేదు, ముఖమంతా కళ్ళే కావడంతో హావభావాలకు చోటూ లేదు. ప్రేమా పగా ముందుకాళ్ళలో, తల వంపులో, ఒంటి తీరులో చూపించాల్సి వచ్చింది. ముఖం కదలని పటం ముందు కూనపులివాళ్ళు నిలబడ్డ చోటే వాళ్ళూ నిలబడ్డారు.