అట్టముక్కల మీద అమెరికా

అమెరికాలో పాత సామాన్ల అంగడి లేని ఊరు అరుదు. వాటిలో పెద్ద పేరు గుడ్‌విల్‌ది. 1902లో బోస్టన్‌లో ఎడ్గర్ హెల్మ్స్ అనే మెథడిస్టు పాదిరి మొదలుపెట్టిన పని అది. కలిగినవాళ్ళ ఇండ్ల నుంచి గోతాల్లో పాత బట్టలు, సామాను తెచ్చి, పేట్లోని పేదల చేత, వలస వచ్చినవాళ్ళ చేత బాగుచేయించి అమ్మేవాడు. వచ్చిన డబ్బు వాళ్ళకే కూలి. ఇప్పుడు ఆ అంగళ్ళలో కోట్లు, పింగాణీ పళ్ళేలు, పెళ్ళి గౌన్లు, చదివేసిన పుస్తకాలు గుట్టలుగా పడి ఉంటాయి. బొమ్మల అర అడుగునో, డబ్బు కట్టే చోట గాజు పెట్టెలోనో ఒక బూట్ల డబ్బా కనబడుతుంది. అందులో రబ్బరు బ్యాండు వేసిన బేస్‌బాల్ కార్డుల కట్టలుంటాయి.

శనివారం పొద్దున తలుపు తీయకముందే వాకిట్లో నిలబడేవాళ్ళలో కొందరు ఆ డబ్బా కోసమే వస్తారు.

కర్నూలు జిల్లావాళ్ళకు ఆ చూపు కొత్త కాదు. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర, పగిడిరాయి చేలల్లో నడుం వంచి, కండ్లు నేల మీదే పెట్టి నడిచే జనం ఎట్లుంటారో, ఈ డబ్బాల ముందు గొంతుకూర్చున్నవాళ్ళూ అట్లే ఉంటారు. వాన కడిగిన మట్టిలో ఒక్క రాయి మెరిస్తే చాలని వాళ్ళ ఆశ. వెయ్యి అట్టముక్కల్లో ఒక్క ముఖం తగిలితే చాలని వీళ్ళ ఆశ. అయితే వజ్రం తన కథ చెప్పదు, కార్డు చెబుతుంది. ముందు ఆటగాడి బొమ్మ, వెనక దాన్ని అచ్చువేయించిన కంపెనీ ప్రకటన, కొన్నిటి మీద ఆటగాడి లెక్కలు. రెండు వైపులా చదివితే అమెరికా నూటయాభై ఏళ్ళ వ్యాపారం, వర్ణవివక్ష, యుద్ధం, జీతాల పోరాటం కండ్లముందుకొస్తాయి. వేలంలో ఎంత పలికినా, ఈ కార్డుల్లో ఎక్కువ విలువైనది ఆ చరిత్రే.

మన పిల్లలకు బిగ్ ఫన్ బబుల్‌గమ్‌తో క్రికెటర్ల బొమ్మలు వచ్చిన కాలం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ ఎత్తుగడ పుట్టిల్లు అమెరికా. 1869 ప్రాంతంలో న్యూయార్కులో ఆటసామాను అమ్మే పెక్ అండ్ స్నైడర్ అంగడివాళ్ళు సిన్సినాటి రెడ్ స్టాకింగ్స్ జట్టు ఫోటో ఒకవైపు, తమ ప్రకటన మరోవైపు వేసి పంచారు. ఆటగాళ్ళందరికీ బాహాటంగా జీతాలిచ్చిన తొలి జట్టు అది. తర్వాత సిగరెట్ కంపెనీలు దిగాయి. అప్పటి సిగరెట్ పెట్టె మెత్తని కాగితంది. లోపలి సిగరెట్లు నలగకుండా ఒక అట్టముక్క పెట్టేవాళ్ళు. ఉత్త అట్ట ఎందుకని దాని మీద నటీమణులు, పక్షులు, దేశదేశాల జెండాలు, బేస్‌బాల్ ఆటగాళ్ళ బొమ్మలు వేశారు. 1880లలో ఓల్డ్ జడ్జ్, ఆలెన్ అండ్ గింటర్ కార్డులు అట్లా వచ్చినవే.

ఇక్కడ కథలోకి వచ్చే మనిషి జేమ్స్ బుకానన్ డ్యూక్, నార్త్ కరోలినాలో డర్హమ్ దగ్గరి పొగాకు రైతు కొడుకు. రోజుకు లక్షకు పైగా సిగరెట్లు చుట్టే బోన్‌సాక్ యంత్రాన్ని 1880లలో పట్టుకుని, పోటీదార్లను ధరలతో, ప్రకటనలతో అలసిపోయేట్టు చేసి, 1890లో అయిదు పెద్ద కంపెనీలను కలిపి అమెరికన్ టొబాకో కంపెనీ పెట్టాడు. పోటీ పోయాక బొమ్మల ఖర్చు ఎవరు పెడతారు? కొన్నేళ్ళకే సిగరెట్ పెట్టెల్లో ఆటగాళ్ళు మాయమయ్యారు. మళ్ళీ 1909లో అదే కంపెనీ ఒక పెద్ద వరస వేసింది. 524 కార్డులు, వెనక పీడ్‌మాంట్, స్వీట్ కాపొరల్ మొదలైన పదహారు సిగరెట్ బ్రాండ్లు. సేకరించేవాళ్ళు దాన్ని టి206 అంటారు. అది 1911 వరకు నడిచింది. గుత్తాధిపత్య నిరోధక చట్టం కింద ఆ కంపెనీని ముక్కలు చేయాలని అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చిందీ 1911లోనే. అందుకే ఒక టి206 కార్డు వెనకవైపు చదవడమంటే గుత్త వ్యాపారం చివరి రోజులను చదవడమే.

ఈ డ్యూక్ మనకు పరాయివాడేం కాదు. 1902లో అతని కంపెనీ, బ్రిటన్‌లోని ఇంపీరియల్ టొబాకో కలిసి బ్రిటిష్ అమెరికన్ టొబాకోను పెట్టాయి. ఆ కుదురు నుంచే 1912లో ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ (ఐఎల్‌టీడీ) పుట్టింది. గుంటూరు కేంద్రంగా ఆంధ్ర రైతు చేత వర్జీనియా పొగాకు పండించిన కంపెనీ అదే. డ్యూక్ 1924లో ఇచ్చిన సొమ్ముతో డర్హమ్‌లోని ట్రినిటీ కాలేజీ డ్యూక్ విశ్వవిద్యాలయమైంది. దానికి దగ్గర్లోని క్యారీ, మారిస్‌విల్ ఊర్లలో ఈనాడు తెలుగు ఇండ్లు చాలా ఉన్నాయి. ఆ ఊర్ల పాత సామాన్ల అంగళ్ళలో ఒక పీడ్‌మాంట్ కార్డు చేతికొస్తే, అది మన గుంటూరు బేళ్ళకు దూరపు చుట్టం.

టి206 వరసలో అందరూ వెతికేది హోనస్ వాగ్నర్ కార్డు. జర్మనీ నుంచి వచ్చిన దంపతుల కొడుకు, చిన్నప్పుడే పెన్సిల్వేనియా బొగ్గు గనుల్లో పనిచేసినవాడు, పిట్స్‌బర్గ్ జట్టుకు పెద్ద దిక్కు. తన బొమ్మ సిగరెట్ పెట్టెలో వద్దన్నాడు. పిల్లలు కార్డు కోసం పొగాకు కొంటారని వద్దన్నాడని కొందరు, డబ్బివ్వలేదని వద్దన్నాడని కొందరు చెబుతారు. ఏమైనా అచ్చు ఆగింది, అరవైకి అటూ ఇటూ కార్డులే మిగిలాయి. 2022లో ఒకటి 72 లక్షల 50 వేల డాలర్లకు అమ్ముడుపోయింది.

పొగాకు తర్వాత బబుల్‌గమ్. 1933లో, పనివాళ్ళలో నలుగురికి ఒకరు పనిలేక తిరుగుతున్న మహామాంద్యంలో, బోస్టన్‌కు చెందిన గౌడీ కంపెనీ ఒక్క సెంటుకు గమ్, కార్డు కలిపి ఇచ్చింది. వరసలో 240 కార్డులన్నారు. 106వ నంబరు మాత్రం ఎంత కొన్నా దొరకలేదు, దానికోసం పిల్లలు కొంటూనే పోయారు. కోపంతో జాబులు రాసినవాళ్ళకు కంపెనీ మరుసటి ఏడు నెపోలియన్ లాజవాయ్ అనే ఆటగాడి బొమ్మతో ఆ కార్డు పోస్టులో పంపింది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక కాగితం కరువైంది. యుద్ధానికి చిత్తుకాగితాలు ఇవ్వమని ఇంటింటికీ తిరిగినప్పుడు, పిల్లలు పాత కార్డులు కూడా దేశభక్తితో ఇచ్చేశారు.

ఇంతవరకు చెప్పిన అమెరికా కార్డుల్లో ఒక్క నల్లజాతి ఆటగాడి ముఖమూ లేదు. 1884లో టొలీడో జట్టుకు ఆడిన మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ తర్వాత, పై స్థాయి (మేజర్ లీగ్) జట్ల యజమానులు రాతలో లేని కట్టుబాటుతో అరవై ఏళ్ళకు పైగా తలుపు మూసిపెట్టారు. ఊరి బావి దగ్గర గీసిన గీతలు ఎరిగిన మనకు ఇది ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. 1920లో రూబ్ ఫాస్టర్ కాన్సస్ సిటీలో నీగ్రో నేషనల్ లీగ్ పెట్టాడు. అక్కడ ఆడినవాళ్ళలో జాష్ గిబ్సన్‌ను మించిన బ్యాటర్ లేడంటారు. ఆయన ఆడిన రోజుల్లో అమెరికా సిగరెట్, గమ్ కంపెనీలేవీ ఆయన కార్డు వేయలేదు. 1947 జనవరిలో 35 ఏళ్ళకే పోయాడు. మూడు నెలలు తిరగకముందే, ఏప్రిల్ 15న, జార్జియా కౌలుకూలీ కొడుకు జాకీ రాబిన్‌సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టుతో మైదానంలోకి దిగాడు. ఆ ఏడే బాండ్ బ్రెడ్ అనే రొట్టెల కంపెనీ ఆయనొక్కడి బొమ్మలతో కార్డులు వేసింది. 1949 నాటి బౌమన్, లీఫ్ గమ్ కార్డుల్లో ఆయన తెల్లవాళ్ళ సరసన కనబడతాడు. గిబ్సన్‌కు న్యాయం జరగడానికి 2024 దాకా ఆగాల్సి వచ్చింది. నీగ్రో లీగుల లెక్కలను మేజర్ లీగ్ రికార్డుల్లో కలిపినప్పుడు ఆయన సగటు .372 మొత్తం చరిత్రలోనే మొదటిదిగా తేలింది. వెయ్యిసార్లు బ్యాటు పడితే 372 సార్లు హిట్ కొట్టినట్టు. అంతటి మనిషి ముఖం కోసం ఏ డబ్బా తిరగేసినా ఆ కాలపు కార్డు దొరకదు. ఈ వేటలో మనసును ఎక్కువగా తొలిచేవి ఇట్లాంటి ఖాళీలే.

కార్డుకు ఇప్పటి రూపం 1952లో వచ్చింది. బ్రూక్లిన్‌లోని టాప్స్ కంపెనీ ఉద్యోగి సై బర్గర్ తన ఇంట్లో వంటగది బల్ల మీద 407 కార్డుల వరస తీర్చాడు. చివరి విడత వచ్చేసరికి ఆటల కాలం అయిపోయింది, సరుకు మిగిలిపోయింది. 1960లో గిడ్డంగి ఖాళీ చేయడానికి ఆ పెట్టెలను చెత్త పడవకెక్కించి, న్యూజెర్సీ తీరం అవతల అట్లాంటిక్ సముద్రంలో కుమ్మరించారు. అదే విడతలోని మికీ మాంటిల్ అనే ఆటగాడి కార్డు ఒకటి 2022 ఆగస్టులో కోటి 26 లక్షల డాలర్లు పలికింది. సముద్రం మింగింది కొంత, సైకిలు చక్రం పుల్లల్లో టపటపలాడించి పిల్లలు పాడుచేసింది కొంత, కొడుకు కాలేజీకి పోయాక గది సర్దుతూ తల్లి పారేసింది ఇంకొంత. మిగిలినవాటి ధర ఆకాశానికి అంటింది అందుకే.

ఆ ధరలు చూసి 1980ల చివర్లో దేశమంతా కార్డులు దాచడం మొదలుపెట్టింది, కంపెనీలు లెక్కలేకుండా అచ్చువేశాయి. 1994లో ఆటగాళ్ళ సమ్మెతో వరల్డ్ సిరీసే ఆగిపోవడంతో మోజు చల్లారింది. అంగళ్ళ డబ్బాల్లో ఇప్పుడు ఎక్కువగా దొరికేవి ఆ కాలపువే, కొత్తవిలాగే మెరుస్తుంటాయి గానీ అడిగేవాళ్ళుండరు. చెయ్యి తిరిగినవాళ్ళు ముందు కొలత చూస్తారు. 1957 నుంచి కార్డు వెడల్పు రెండున్నర, పొడవు మూడున్నర అంగుళాలు. అంతకంటే చిన్నదో పెద్దదో తగిలితే ఆగుతారు. అట్ట వయసు, మూలల అరుగుదల చూస్తారు. తెల్లగా, నున్నగా ఉన్న వాగ్నర్ కార్డు కనబడితే అది తర్వాతి నకలే.

నిజమైన నిధులు అటకల మీద నుంచి దిగుతాయి. 2012లో ఒహాయోలోని డిఫయన్స్ ఊర్లో, ఒకప్పుడు మాంసం కొట్టు నడిపిన మనిషి ఇంటి అటక మీద, మసిపట్టిన అట్టపెట్టెలో 1910 ప్రాంతంలో మిఠాయిలతో ఇచ్చిన కార్డులు దాదాపు 700 దొరికాయి, నూరేళ్ళు చెయ్యి పడనట్టు. 2016లో పారేయబోయిన కాగితపు సంచిలో టై కాబ్ అనే ఆటగాడి టి206 కార్డులు ఏడు బయటపడ్డాయి. ముసలివాళ్ళు పోయాక, దూరాన ఉన్న పిల్లలు నాలుగు రోజుల సెలవు మీద వచ్చి ఇల్లు ఖాళీచేసే దేశంలో చరిత్రలో కొంత అంగడికి, కొంత చెత్తకుప్పకు పోతుంది. పిల్లలు విదేశాల్లో ఉన్న కడప, ప్రొద్దుటూరు ఇండ్ల అటకల గురించీ ఇప్పుడే ఆలోచించుకోవాలి.

చెత్త అనుకున్నదాన్ని ఏరి దాచినవాళ్ళ విలువ కడపవాళ్ళకు తెలుసు. సి.పి. బ్రౌన్ అక్కడ బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి, చెదలు తింటున్న తాళపత్రాలు తెప్పించి పోల్చి రాయించాడు. ఆ చోటే ఇప్పుడు ఆయన పేరు మీద భాషా పరిశోధన కేంద్రం ఉంది. కార్డులకు అట్లాంటి మనిషి జెఫర్సన్ బర్డిక్. సిరక్యూస్‌లో విద్యుత్ పరికరాల ఫ్యాక్టరీలో కార్మికుడు, కీళ్ళవాతంతో చేతులు వంకర్లు పోయినవాడు. 1939లో అమెరికా కార్డుల పట్టిక తయారుచేశాడు. టి206 అన్న గుర్తు ఆయన పెట్టిందే. తాను కూడబెట్టిన మూడు లక్షలకు పైగా కాగితపు ముక్కలను న్యూయార్కు మెట్రొపాలిటన్ మ్యూజియానికి ఇచ్చి, వాటిని ఆల్బముల్లో తానే అతికించాడు. 1963 జనవరిలో పని ముగిసింది, మార్చిలో కన్నుమూశాడు.

కార్డు మీది ముఖానికి ఏం ముట్టేది? 1960లలో టాప్స్ ఒక్కో ఆటగాడికి ఇచ్చింది ఏడాదికి 125 డాలర్లు. 1966లో ఆటగాళ్ళ సంఘం బాధ్యత తీసుకున్న మార్విన్ మిల్లర్ ఉక్కు కార్మికుల సంఘం నుంచి వచ్చినవాడు. కొత్త ఒప్పందాల మీద సంతకాలు పెట్టొద్దని ఆటగాళ్ళను కూడగట్టాడు. 1968లో కంపెనీ దిగొచ్చి మొత్తాన్ని రెట్టింపు చేసింది, అమ్మకాల్లో వాటా కూడా ఇచ్చింది.

వలస వచ్చినవాళ్ళ చేతిలో ఎక్కువసేపు నిలిచే కార్డు మాత్రం రాబర్టో క్లెమెంటెది. ప్యూర్టోరికో చెరకు తోటల మధ్య పుట్టి, 1955లో పిట్స్‌బర్గ్ జట్టులో చేరాడు. మొదటి రెండేళ్ళు టాప్స్ ఆయన పేరు సరిగ్గానే వేసింది. 1957 నుంచి 1969 దాకా బాబ్ క్లెమెంటె అని వేసింది. వెంకటసుబ్బారెడ్డి అమెరికా ఆఫీసులో వెంకట్ అయినట్టే. తన పేరు రాబర్టో అని ఆయన పత్రికలవాళ్ళకు చెబుతూనే వచ్చాడు. 1970 నుంచి కార్డు మీద రాబర్టో తిరిగొచ్చాడు. 1972 డిసెంబరు 31న నికరాగ్వా భూకంప బాధితులకు సామాను తీసుకుపోతూ విమానం కూలి చనిపోయాడు. అయిదేళ్ళ నిరీక్షణ నియమం పక్కనబెట్టి 1973లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నారు. అక్కడి ఫలకం మీద తల్లి ఇంటిపేరును మధ్యలో పెట్టి రాబర్టో వాకర్ క్లెమెంటె అని చెక్కారు. వాళ్ళ ఆచారంలో తండ్రి ఇంటిపేరు ముందు, తల్లిది చివర. 2000లో దాన్ని తీసి, రాబర్టో క్లెమెంటె వాకర్ అని సరిచేసిన ఫలకం పెట్టారు.