ఒక కలప ఇల్లు - చేతులు మారిన వైనం

తాతల నాటి ఇంటికి మరమ్మతు తలపెట్టినప్పుడు "ఏ తాత నాటి రూపానికి తేవాలి?" అనే పేచీ మన కుటుంబాలలో రానే వస్తుంది. ఇదే పేచీ అమెరికాలోని బోస్టన్ నగరంలో ఒక కలప ఇంటి విషయంలో ఎలా తీరిందో సభ్యులకు మనవి చేస్తాను.

ఆ ఇల్లు 1680 ప్రాంతంలో కట్టినది. అంతకుముందు అక్కడున్న ఒక మతాచార్యుని ఇల్లు 1676లో అగ్నికి ఆహుతి కాగా, ఆ స్థలంలోనే ఇది లేచింది. మొదటి యజమాని రాబర్ట్ హోవర్డ్ అనే సంపన్న వర్తకుడు. బరువైన దూలాలు, వీధి మీదికి కాస్త పొడుచుకు వచ్చిన పై అంతస్తు - అదీ దాని వాటం.

1770లో దీనిని పాల్ రివియర్ అనే వెండి పనివాడు కొన్నాడు. ఇద్దరు భార్యల వలన ఆయనకు పదహారుమంది సంతానం. (అందరూ ఒకేసారి ఆ ఇంట్లో లేరు లెండి!) 1775 ఏప్రిల్ 18 రాత్రి ఈ ఇంటినుండే బయలుదేరి, నది దాటి, గుర్రమెక్కి, బ్రిటిష్ సైన్యం వస్తున్నదని ఊరూరా హెచ్చరించిన మనిషి ఆయనే. 1800లో ఇల్లు అమ్మివేశాడు.

ఆ తరువాత ఇంటికి మర్యాద తగ్గింది. నావికుల బస అయింది. పిమ్మట గదులు గదులుగా అద్దెకిచ్చారు. కింది భాగంలో ఒకప్పుడు మిఠాయి దుకాణం, ఒకప్పుడు చుట్టల కార్ఖానా, మరొకప్పుడు బ్యాంకు, పళ్ళూ కూరగాయల అంగడి! చివరకు కూల్చివేస్తారన్న భయం పట్టుకున్నది. 1902లో రివియర్ మునిమనుమడు జాన్ రేనాల్డ్స్ దానిని కొని నిలబెట్టాడు. కొనడం ఒక్కడి వల్ల అయింది గాని, బాగుచేయడం అయ్యే పనేనా? చందాలు పోగుచేశారు, ఒక సంఘం ఏర్పడింది.

పని జోసెఫ్ చాండ్లర్ అనే వాస్తుశిల్పికి అప్పగించారు. అసలు చిక్కు ఇక్కడే. హోవర్డ్ కట్టినది రెండంతస్తులు. రివియర్ కొనేనాటికే ముందువైపు కప్పు పైకెత్తి మూడో అంతస్తు వేసి వున్నారు. రివియర్ కాపురం ఆ మూడంతస్తుల ఇంట్లోనే! చాండ్లర్ మాత్రం ఆ పై అంతస్తును విప్పించి, 1680 నాటి వాలు కప్పును తిరిగి నిలిపాడు. 1908 ఏప్రిల్‌లో ప్రజలకు తలుపులు తెరిచారు.

అంటే పేరు రివియర్‌ది, రూపు హోవర్డ్‌ది. రివియరే వీధిలో వచ్చి నిలబడితే తన ఇల్లని పోల్చుకోవడం కష్టమే. నా మట్టుకు నాకు ఆ మూడో అంతస్తు ఉంచవలసింది అనిపిస్తుంది. అంగళ్ళ ఆనవాళ్ళు సైతం పోయాయి. కానీ చాండ్లర్‌ను పూర్తిగా తప్పుపట్టలేము. ఆయన పాత కలపను పారేయలేదు. ఇంటి కట్టడంలో నూటికి తొంభై పాళ్ళు 1680 నాటిదేనని సంరక్షకులు చెబుతారు. రెండు తలుపులు, మూడు కిటికీ చట్రాలు కూడా ఆనాటివే. కిటికీ అద్దాలు మాత్రం ఒక్కటీ మిగలలేదు.