తెల్ల ఈక చిక్కిన వైనం

కొంగ ఈకలో తెల్లరంగు అంటూ ఏమీ లేదు. కాకి ఈకకు మెలనిన్ ఉన్నట్టు దీనికి రంగునిచ్చే పదార్థం ఉండదు. కెరటిన్ పోగుల్లోనూ, వాటి మధ్య చిక్కిన గాలిలోనూ వెలుగు అన్ని దిక్కులకూ చెదరడం వల్లే అది తెల్లగా కనిపిస్తుంది. ఒక ఈక మరో ఈక మీద వేసే పలచని నీడలూ, వెన్ను మీది కుచ్చుల సన్నగీతలూ అన్నీ ఆ తెలుపులోనే ఉంటాయి. ఫోటోలో అవి దక్కాలంటే మొత్తం తెల్లబారిపోయే అంచుకు కొంచెం ఇవతలే ఆగాలి. అక్కడ ఆగడం నేర్చుకోవడానికి ఫోటోగ్రఫీకి వందేళ్లకు పైగా పట్టింది.

19వ శతాబ్దపు తొలి గాజు ప్లేట్లు నీలం, ఊదా వెలుగులకే స్పందించేవి. నీలాకాశం వాటి మీద విపరీతంగా పడి ప్రింటులో తెల్లగా వచ్చేది. ఎగిరే కొంగా తెలుపే, వెనక ఆకాశమూ తెలుపే. ప్లేటుకు పూసే ఎమల్షన్‌లో కొన్ని అద్దకపు రంగులు కలిపితే ప్లేటు ఆకుపచ్చ వెలుగునూ పట్టుకుంటుందని 1873లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త హెర్మన్ ఫోగెల్ కనిపెట్టాడు. ఎరుపునూ పట్టే పాంక్రొమాటిక్ ప్లేట్లు 1906లో ఇంగ్లండులో అమ్మకానికి వచ్చాయి. లెన్సు ముందు పసుపు ఫిల్టర్ పెడితే ఇక ఆకాశం ముదురుగా, పిట్ట తెల్లగా విడివిడిగా వచ్చేవి.

అదే 1906లో పక్షి పరిశీలకుడు ఆర్థర్ మాటింగ్లీ ఆస్ట్రేలియాలోని మథౌరా దగ్గర కొంగల గూళ్లను ఫోటోలు తీశాడు. ఆడవాళ్ల టోపీలకు కుచ్చు ఈకలు అమ్ముకునేవాళ్లు అక్కడ పెద్ద కొంగలను చంపేశారు. పిల్లలు గూళ్లలో ఆకలికి మాడిపోతున్నాయి. ఆ ఫోటోలు 1907లో 'ఈము' అనే పక్షిశాస్త్ర పత్రికలో వచ్చాయి. 1911లో బ్రిటన్ పక్షి సంరక్షణ సంఘం వాటిని బోర్డులకెక్కించి, మనుషుల మెడలకు తగిలించి లండన్ వీధుల్లో తిప్పింది. ఈకల దిగుమతి మీద అక్కడ నిషేధ చట్టం 1921లో వచ్చింది. మన దేశం నుంచి ఎగుమతిని 1902లోనే ఆపేశారు. తెల్లపిట్ట ఫోటోకు ఇంతకన్నా గొప్ప అక్కర ఎప్పుడూ రాలేదని నేననుకుంటాను.

తెల్లపిట్టకు ఎంత వెలుగు ఇవ్వాలన్న అసలు చిక్కు మీటర్‌తో మొదలైంది. 1932లో అమెరికాలో వెస్టన్ కంపెనీ ఫోటోగ్రాఫర్ల కోసం వెలుగును కొలిచే విద్యుత్ మీటర్ తెచ్చింది. అంతకుముందు ఎక్కువమంది అనుభవంతోనో, పట్టికలు చూసో అంచనా కట్టేవారు. మీటర్‌కు ఎదురుగా ఉన్నది కొంగో కాకో తెలియదు. దేన్ని చూపినా అది నడిమి బూడిదరంగేనని లెక్క చెబుతుంది. ఫ్రేము నిండా కొంగను పెడితే బూడిద కొంగ వస్తుంది. అదే కొంగ దమ్ము చేస్తున్న పొలంలో, ట్రాక్టర్ వెనక నల్లటి బురదలో పురుగులు ఏరుకుంటూ చిన్నగా ఉంటే లెక్క తిరగబడుతుంది. మీటర్ బురదను బూడిదరంగుకు తేవడానికి వెలుగు ఎక్కువ ఇస్తుంది, ఈకల్లో వివరమంతా పోతుంది. అక్కడ మీటర్ చెప్పినదానికి వెలుగు కలపాలి, అంటే ప్లస్; ఇక్కడ తగ్గించాలి, అంటే మైనస్. తెల్లపిట్టకు ఎప్పుడూ ప్లస్సేనని నేర్పేవాళ్లు సగం పాఠమే చెబుతున్నారు.

1939-40 ప్రాంతంలో అమెరికన్ ఫోటోగ్రాఫర్లు ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ రూపొందించిన, నలుపు నుంచి తెలుపు దాకా ఛాయలను మెట్లుగా విడగొట్టే జోన్ పద్ధతి దీన్ని తేటతెల్లం చేసింది. నడిమి బూడిద ఐదో జోన్. వివరం నిలిచే తెలుపు ఏడు, ఎనిమిది దగ్గర ఉంటుంది. అంటే ఎండ పడిన రొమ్ము ఈకల మీద, చిన్న చోటునే కొలిచే స్పాట్ మీటర్ పెట్టి, అది చెప్పినదానికి రెండు స్టాపులో (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు), ఇంకాస్త ఎక్కువో కలపాలి. 1983లో ఒలింపస్ ఓఎం-4 కెమెరా ఈ తర్కాన్నే ఒక బటన్‌లో పెట్టింది. తెల్లటి చోట రీడింగ్ తీసుకుని హైలైట్ బటన్ నొక్కితే ఆ రెండు స్టాపులూ అదే కలిపేది. ఆ ఏడే వచ్చిన నికాన్ ఎఫ్ఏ ఫ్రేమును ఐదు భాగాలుగా చూసి, ఎక్స్‌పోజర్ తానే తేల్చడం మొదలుపెట్టింది. బజారులో నెగ్గింది ఈ రెండోదే. పక్షులు తీసేవాళ్లకు మొదటిదే మేలని నా నమ్మకం. ఏది తెలుపో అక్కడ మనిషే నిర్ణయిస్తాడు.

నెగెటివ్ ఫిల్ము వెలుగు కాస్త ఎక్కువైనా ఓర్చుకునేది. డిజిటల్ సెన్సర్‌కు ఆ ఓర్పు లేదు. పిక్సెల్ నిండాక అక్కడి ఈక గీతను ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. అందుకు బదులుగా ఫోటోలో వెలుగు ఎలా పంచుకుందో చూపే గ్రాఫు, హిస్టోగ్రామ్, మనకు దొరికింది. హైలైట్లు పోకుండా గ్రాఫును వీలైనంత కుడికి జరపమని 2003లో ఫోటోగ్రాఫర్ మైకేల్ రైక్‌మన్ రాసిన వ్యాసం బాగా ప్రచారమైంది. తెల్లపిట్టకు అది అతికినట్టు సరిపోతుంది, ఒక్క మెలిక తప్ప. పొద్దుటి ఎండలో ఎరుపు ఛానెల్ ముందు నిండిపోతుంది. ఒకే గ్రాఫు చూసేవాళ్లకు అంతా సవ్యంగానే ఉంటుంది, ఇంటికెళ్లి చూస్తే కొంగ మెడ మీద గీతల్లేని పసుపు మరక కనిపిస్తుంది. అందుకే మూడు రంగుల గ్రాఫులూ విడివిడిగా చూసుకోవాలి. నీడపాటున ఉన్న రెక్క మీద ఆకాశపు నీలం వాలుతుంది. దాన్ని పూర్తిగా కడిగేస్తే ఈక సున్నం కొట్టినట్టు అవుతుంది.

2014లో నికాన్ డీ810 హైలైట్లకే ప్రాధాన్యమిచ్చే మీటరింగ్ తెచ్చింది. స్పాట్‌లైట్ కింద ఆడే కళాకారుల ముఖాలు తెల్లబారకుండా చూడటానికి అది పనికొస్తుంది. నల్లటి బురదలోని కొంగకూ అంతే. కానీ వెనక నీటి మీద ఎండ తళుక్కుమంటే ఆ తళుకును కాపాడబోయి కొంగను మళ్లీ బూడిద చేస్తుంది. అలాంటి చోట మాన్యువల్‌కు మారి, ఎండ పడిన ఈకలకు ఒకసారి ఎక్స్‌పోజర్ కుదుర్చుకోవడమే మంచిది. ఎండ మారనంతవరకు కొంగ గట్టు మీదికి ఎగిరినా, పచ్చటి నారుమడిలో దిగినా ఆ సెట్టింగును కదిలించనక్కర్లేదు.