దూరగానమునందలి జాగు



చెఱువు ఆవలిగట్టున ఎవరైన బండమీద బట్టలుతుకుచుండగా చూచినవారికి ఒక సంగతి తెలియును. బట్ట బండకు తగులుట ముందు కనబడును. చప్పుడు తరువాత వినబడును. ఈ జాగును కొలుచుటకు పూర్వమే విద్వాంసులు పూనుకొనిరి. చెన్నపట్టణపు నక్షత్రశాలయందలి జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు జాన్ గోల్డింగుహాము 1820, 1821 సంవత్సరములలో సెయింటుజార్జి కోటయందును, పరంగికొండయందును ప్రేల్చిన ఫిరంగుల వెలుగును కనిపెట్టి, మ్రోత చెవినబడువఱకు గడియారముతో లెక్కించెను. ఆ ఫలితములు 1823లో లండనునందు ప్రకటింపబడినవి. ధ్వని సెకండునకు ఇంచుమించు 1,130 అడుగులు పోవును. అనగా సెకండులో వెయ్యవపాలున అడుగునకు కొంచెము మించి నడచును.

ఈ లెక్కతో మనకేమి పనియందురా? పలనాటి వీరకథ వినని యిల్లు ఈ సీమలో లేదు. కారెంపూడి వీరుల తిరునాళ్లలో ఆ కథ నేటికిని పాడబడుచున్నది. పద్మశ్రీ షేక్ నాజరుగారు (1920-1997) పలనాటి యుద్ధమును బుఱ్ఱకథగా ఊరూర వినిపించిరి. బుఱ్ఱకథలో కథకునకు చెరియొకవైపున వంతలు నిలుతురు. కథకుడు చరణము ముగించుటయు, వంతలందుకొనుటయు ఒక్క ఊపిరిగా సాగవలయును. వంత పది అడుగుల దూరమున నున్న, జాగు తొమ్మిది మిల్లీసెకండులు మాత్రమే. చెవి దానిని గుర్తింపదు.

ఇప్పుడు మన పిల్లలు హైదరాబాదునను, అమెరికాలోను కాపురముండుటచే, ఎవరియింట వారుండి ఇంటర్నెట్టు మూలమున కలసి పాడుకొందమను కోరిక పుట్టినది. అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున క్రిస్ ఛేఫ్ ప్రభృతులు ఇట్టి గానమునకై జాక్‌ట్రిప్ అను సాధనమును నిర్మించిరి. 2020లో కోవిడు ప్రబలి సభలు నిలిచిపోయినపుడు దేశదేశముల గాయకులు ఇట్టి సాధనముల నాశ్రయించిరి.

జాగును కొలుచు విధము సులభము. గోల్డింగుహామునకు ఫిరంగి వెలుగు ముందుగా తెలుపు గుఱుతయ్యెను. ఇచట అట్టి గుఱుతు లేదు. కావున ఒకచోట చిటిక వేయుదురు. అది ఆవలి యూరి స్పీకరునుండి వెలువడి, అచటి మైకులో పడి, తిరిగివచ్చును. మొదటి చిటికయు, తిరిగివచ్చినదియు ఒకేచోట రికార్డుచేసి, నడిమి వ్యవధిని సగము చేసినచో ఒకవైపు జాగు తెలియును. పోవుత్రోవయు వచ్చుత్రోవయు సమానముగా నున్ననే ఈ సగము సరియగును.

వేర్వేరు గదులలో నున్న ఇద్దఱిచే చప్పట్లు కొట్టించి, స్టాన్‌ఫర్డువారు పరీక్షించిరి. జాగు 11 మిల్లీసెకండుల ప్రాంతమున నున్నప్పుడు లయ నిలకడగా నుండెను. అంతకు తగ్గిన, లయ వేగించెను, మించిన, మందగించెను. ఒకరి చప్పట్లకై మఱియొకరు ఆగుటయే యీ మందగతికి కారణము. 25 మిల్లీసెకండులు దాటిన, కలసి పాడుట కష్టమని పెక్కురి నిర్ణయము. అది 28 అడుగుల దూరమున నిలిచి పాడుటతో సమానము.

గాజుతీగలో వెలుగు మిల్లీసెకండునకు 200 కిలోమీటర్లు పోవును. నరసరావుపేటనుండి హైదరాబాదునకు గగనమార్గమున దూరము ఇంచుమించు అంతియే. త్రోవ వంకరలును, శబ్దమును సంఖ్యలుగా మార్చి పొట్లములు కట్టు యంత్రముల యాలస్యమును కలిసినను, మంచి తీగ యున్నచో అచటివంత ఇచటికథకు అందుకొనవచ్చును. న్యూయార్కు 13,000 కిలోమీటర్ల ప్రాంతము. తీగ తిన్నగా వేసినను 65 మిల్లీసెకండులు తప్పవు. ఇది యంత్రదోషము కాదు, వెలుగునకున్న హద్దు. ఎంత ధనము పెట్టినను తరుగదు.

కావున పెద్దలు గ్రహింపవలసిన దేమన, దూరదేశమునందలి బిడ్డలు మన కథను చక్కగా వినగలరు, కాని వంతపాడి లయ నిలుపజాలరు. కథ బ్రదుకవలెనన్న, వంతపాడు బాలురను ఊరిలోనే తయారుచేసికొనవలయును. ఆ భారము మనదే. సెలవు.