పెట్టె మారినా పళ్లెం అదే

1956లో ఐబీఎం తెచ్చిన రామాక్ డిస్కులో 24 అంగుళాల పళ్లేలు యాభై. బరువు సుమారు టన్ను. అందులో పట్టేది 50 లక్షల అక్షరాలే. నేటి ఫోన్లో తీసే రెండు ఫొటోలకూ చాలదు. దాన్ని కదపాలంటే ఫోర్క్‌లిఫ్ట్ రావాల్సిందే.

1962లో అదే కంపెనీ 1311తో దారి మార్చింది. ఆరు పళ్లేల డిస్క్ ప్యాక్, నాలుగున్నర కిలోలు, పైన పిడి. కేరేజీ పట్టుకెళ్లినట్టు ఒక యంత్రంలోంచి తీసి మరోదాంట్లో పెట్టేవారు. అసలు విప్లవం ఇదే.

1988లో ప్రెయిరీటెక్ రెండున్నర అంగుళాల డ్రైవ్ చేసింది, 20 మెగాబైట్లు. ఆ కొలతే ల్యాప్‌టాప్‌లకు స్థిరపడింది. 44 పిన్నుల పాత డ్రైవ్‌లలో ఒక్క పిన్ను వంగినా గుండె గుభేలుమనేది. సాటా అనే కొత్త తరహా కనెక్టర్ వచ్చాక ఆ బాధ తప్పింది: అడుగున మూత విప్పి, చిన్న స్క్రూలు తీసి, పక్కకు జరిపితే డ్రైవ్ చేతిలోకి వచ్చేస్తుంది.

అయితే కొత్త ల్యాప్‌టాప్‌లో పెట్టగానే అన్నిసార్లూ నడిచేది కాదు. మదర్‌బోర్డు వేరైతే విండోస్ ఎక్స్‌పీ నీలి తెర చూపి ఆగిపోయేది. ఫైళ్లు మాత్రం భద్రం. యూఎస్‌బీ డబ్బాలో పెట్టి తీసుకోవచ్చు. ఇలాంటి పనులకు సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ దుకాణాల సముదాయం సీటీసీ మెట్లెక్కినవారు ఎందరో.

ఇప్పుడు చాలా పలచటి ల్యాప్‌టాప్‌లలో స్టోరేజి చిప్‌లను బోర్డుకే సోల్డర్ చేస్తున్నారు. బోర్డు పోతే ఫొటోలూ పోయినట్టే. కొనేముందు స్టోరేజి విడిగా తీయగలమా అని తప్పక అడగండి.