వ్యక్తిగత పదవీ విరమణ ఖాతా (అమెరికా)

అమెరికాలో సంపాదనపరులు వృద్ధాప్యం కోసం పన్ను రాయితీతో సొంతంగా పొదుపు చేసుకునే ఖాతా, వాడుకలో ఐఆర్ఏ. 1974 నాటి ఉద్యోగుల పదవీ విరమణ ఆదాయ భద్రతా చట్టంతో మొదలైంది. అప్పటి వార్షిక గరిష్ఠ జమ 1,500 డాలర్లు. 2025లో 7,000, యాభై నిండినవారికి 8,000.

సంప్రదాయ ఖాతాలో వేసిన సొమ్మును అర్హులు పన్ను విధించే ఆదాయం నుంచి మినహాయించుకోవచ్చు. 22 శాతం శ్లాబులో ఉన్నవారు 7,000 జమచేస్తే ఆ ఏడు 1,540 డాలర్ల పన్ను మిగులుతుంది. వెనక్కి తీసుకునేటప్పుడు మాత్రం కట్టాలి. 59½ ఏళ్లలోపే తీస్తే సాధారణంగా మరో 10 శాతం పడుతుంది.

సెనేటర్ విలియం రాత్ పేరిట 1998లో అమల్లోకి వచ్చిన రాత్ ఖాతాలో పద్ధతి వేరు. పన్ను కట్టిన సొమ్మే వేస్తారు. ఖాతాకు ఐదేళ్లు, ఖాతాదారుకు 59½ ఏళ్లు నిండాక అసలు, రాబడి రెండూ పన్ను లేకుండా చేతికొస్తాయి.